ఇంజనీరింగ్ విద్యలో సంస్కృతి మార్పు మీద పోస్ట్‌డాక్: దరఖాస్తు నుంచి ఆఖరి పేపర్ దాకా

కొత్త సిలబస్ వస్తుంది. కొత్త ల్యాబ్ కడతారు. రెండేళ్లు గడిచాక చూస్తే క్లాసులో పాఠం పాత పద్ధతిలోనే నడుస్తుంటుంది. ఇంజనీరింగ్ చదివినవాళ్లకూ చెప్పినవాళ్లకూ ఇది బాగా తెలిసిన సంగతే. ఎందుకిలా అవుతుంది, ఏం చేస్తే కాదు అన్న ప్రశ్న చుట్టూ ఇప్పుడొక పరిశోధన రంగమే పెరిగింది.

అమెరికాలో ఈ రంగానికి ఊపు తెచ్చింది పరిశోధనలకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ (ఎన్‌ఎస్‌ఎఫ్) మొదలుపెట్టిన 'రెడ్' (రివల్యూషనైజింగ్ ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంట్స్) కార్యక్రమం. కోర్సులకు మెరుగులు దిద్దడం దాని లక్ష్యం కాదు, డిపార్ట్‌మెంట్‌నే మార్చాలన్నది. 2015లో మొదటి విడత గ్రాంట్లు ఆరు చోట్లకు వెళ్లాయి: ఒరెగాన్ స్టేట్, ఆరిజోనా స్టేట్, కొలరాడో స్టేట్, పర్డ్యూ, శాన్ డియెగో, షార్లెట్‌లోని నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయాలు. ఒక్కొక్కదానికి 20 లక్షల డాలర్ల దాకా, ఐదేళ్ల గడువు. నాలుగేళ్ల డిగ్రీలో నడిమి రెండేళ్ల మీద ఎక్కువ దృష్టి పెట్టమన్నారు. థర్మోడైనమిక్స్, సర్క్యూట్స్, సిగ్నల్స్ లాంటి గట్టి సబ్జెక్టులన్నీ అక్కడే ఉంటాయి, ఇంజనీరు చేసే అసలు పనితో వాటికి సంబంధమేమిటో విద్యార్థికి కనబడనిదీ అక్కడే.

రెడ్ నిబంధనల్లో నాకు అన్నింటికన్నా ముఖ్యమనిపించేది జట్టు కూర్పు. ప్రాజెక్టుకు నాయకత్వం డిపార్ట్‌మెంట్ హెడ్‌దే. జట్టులో ఇంజనీరింగ్ విద్య పరిశోధకులొకరు, సామాజిక శాస్త్రం తెలిసినవారొకరు తప్పనిసరి. పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తర్వాత కొద్దికాలం చేసే పరిశోధన ఉద్యోగంలో, చేరినవాళ్లు ఈ ముగ్గురి మధ్యా తిరుగుతూ ఇంటర్వ్యూలు చేయడం, మీటింగుల్లో కూర్చోవడం, డేటా విప్పి చూడడం, పేపర్లు రాయడం చేస్తారు. ఆ ఉద్యోగానికి వెళ్లాలనుకునే తెలుగువాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ పని ఎప్పుడు చేయాలో ఇక్కడ వరసగా చెబుతాను.

ఒక మాట ముందే చెప్పాలి, మిగతాదంతా దాని మీదే నిలబడుతుంది. సంస్కృతిని మొత్తంగా పట్టుకోవాలని చూడకండి. డిపార్ట్‌మెంట్ తీసుకున్న ఒక మామూలు నిర్ణయాన్ని ఎంచుకోండి. అది ఎక్కడ పుట్టింది, ఎవరెవరి చేతులు మారింది, చివరికి క్లాసులో ఏ రూపానికి వచ్చింది అన్నది వెంబడించండి. గ్రాంటు ఐదేళ్లది, మీ కాంట్రాక్టు ఏడాదో రెండేళ్లో. అంత గడువులో సంస్కృతి మారిందని ఎవరూ నిరూపించలేరు. ఒక నిర్ణయం ప్రయాణాన్ని మాత్రం పూర్తిగా చూడగలరు.

మొదటి అడుగు: మీ దగ్గర ఏముందో చూసుకోండి

ఈ పోస్టులకు రెండు దారుల్లో వస్తారు. ఇంజనీరింగ్ ఎడ్యుకేషన్‌లోనో, విద్యాశాస్త్రం, సోషియాలజీ, ఆర్గనైజేషనల్ సైకాలజీలోనో పీహెచ్‌డీ చేసినవాళ్లు ఒక దారి. మెకానికల్‌లోనో ఎలక్ట్రానిక్స్‌లోనో పీహెచ్‌డీ చేసి, పాఠం చెప్పడం మీద మనసు పడి ఇటు తిరిగినవాళ్లు ఇంకో దారి. రెండో దారివాళ్లు తమకు లోటే ఎక్కువని అనుకుంటారు. నేను అలా అనుకోను. ఒక ప్రొఫెసర్ "కంట్రోల్ సిస్టమ్స్‌లో గ్రూప్ ప్రాజెక్టు పెట్టడం కుదరదు" అన్నప్పుడు అందులో సబ్జెక్టు ఎంత, అలవాటు ఎంత అని వేరుచేసి చూడగలిగేది ఆ సబ్జెక్టు చదివినవాళ్లే. అయితే గుణాత్మక పరిశోధన పద్ధతి నేర్చుకోకుండా వెళ్లకూడదు. దరఖాస్తుకు ముందే నలుగురైదుగురిని ఇంటర్వ్యూ చేసి, రికార్డింగును మీరే అక్షరాల్లో పెట్టి, కోడింగ్ చేసి (అంటే మాటలను అర్థాన్ని బట్టి గుర్తులు వేసి విడదీసి), పది పేజీలు రాయండి. ఎంపిక కమిటీకి చూపించడానికి అంతకన్నా మంచి నమూనా ఉండదు.

రెండో అడుగు: చదవాల్సినవి కొన్నే, గట్టిగా చదవండి

ఎడ్గార్ షైన్ సంస్థల సంస్కృతిని మూడు పొరలుగా చూశాడు: కంటికి కనబడేవి, నోటితో చెప్పుకునే విలువలు, చెప్పాల్సిన అవసరమే రానంతగా జీర్ణించుకున్న నమ్మకాలు. మన కాలేజీల్లో సీఓ-పీఓ మ్యాపింగ్ (కోర్సు ఫలితాలను మొత్తం డిగ్రీ ఫలితాలతో జతచేసే పట్టిక) పూర్తిచేసినవాళ్లకు ఈ మూడు పొరల తేడా వెంటనే తెలుస్తుంది. ఫైల్లో అటైన్‌మెంట్ షీటు మొదటి పొర. "మాది ఫలితాల ఆధారిత విద్య" అన్న మాట రెండోది. "మంచి విద్యార్థి ఎలా చెప్పినా నేర్చుకుంటాడు, మిగతావాళ్లు ఎలా చెప్పినా నేర్చుకోరు" అన్న నమ్మకం ఎక్కడైనా ఉంటే అది మూడోది. పోస్ట్‌డాక్ పనంతా ఈ మూడో పొర దగ్గరే.

ఎలిజబెత్ గాడ్‌ఫ్రీ, లెస్లీ పార్కర్ 2010లో జర్నల్ ఆఫ్ ఇంజనీరింగ్ ఎడ్యుకేషన్‌లో ప్రచురించిన అధ్యయనాన్ని పక్కన పెట్టుకునే పని మొదలుపెట్టండి. న్యూజిలాండ్‌లోని ఒక ఇంజనీరింగ్ స్కూల్‌లో చేసిన క్షేత్ర పరిశీలన అది. అక్కడి సంస్కృతిని ఆరు కోణాల్లో చూశారు: ఇంజనీరులా ఆలోచించడం, ఇంజనీరులా పని చేయడం, ఇంజనీరుగా ఉండడం, తేడాను ఒప్పుకోవడం, మనుషుల మధ్య సంబంధాలు, బయటి పరిసరాలతో సంబంధం. మీ ఇంటర్వ్యూ ప్రశ్నలు ఈ ఆరింటిలో దేన్ని పూర్తిగా వదిలేశాయో సరిచూసుకోవచ్చు.

ఎరిన్ సెక్ 2014లో ప్రచురించిన అధ్యయనం ఇంకోటి. నాలుగు అమెరికన్ సంస్థల విద్యార్థులను చదువు పొడుగునా గమనిస్తే, ప్రజల మేలు గురించిన పట్టింపు వాళ్లలో ఏటికేడు తగ్గుతూ వచ్చింది. నైతికత పాఠాలు సిలబస్‌లో ఉన్నా అంతే. ఈ రంగం ఎందుకు అవసరమో ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఇదే.

మార్పు ఎలా తెస్తారన్నదానికి చార్ల్స్ హెండర్సన్ బృందం 2011లో చేసిన సమీక్ష చూడండి. మంచి బోధన పద్ధతిని తయారుచేసి అందరికీ పంచడం, పైనుంచి విధానం రుద్దడం ఒంటరిగా పనిచేయవని అందులో గట్టిగా తేలింది. రూత్ గ్రహామ్ 2012 నివేదిక మార్పు నిలబడేది డిపార్ట్‌మెంట్ స్థాయిలోనని, అందులో హెడ్ పాత్ర కీలకమని చెప్పింది. హెడ్ ముందుండాలన్న రెడ్ షరతును దీనితో కలిపి చదివితే ఆ షరతు వెనక ఆలోచన బోధపడుతుంది.

మూడో అడుగు: పోస్టు వెతకడం, ఒప్పుకునే ముందు అడగాల్సినవి

పర్డ్యూ, వర్జీనియా టెక్‌లలో 2004 నుంచి ఇంజనీరింగ్ ఎడ్యుకేషన్‌కు ప్రత్యేక విభాగాలున్నాయి. అమెరికన్ సొసైటీ ఫర్ ఇంజనీరింగ్ ఎడ్యుకేషన్ (ఏఎస్‌ఈఈ) ఉద్యోగ ప్రకటనలు ఒక కంట కనిపెట్టి ఉండండి. యూరప్ వైపు చూస్తే డెన్మార్క్‌లో ఆల్బోర్గ్ ఉంది. 1974లో పుట్టినప్పటి నుంచీ సమస్య ఆధారిత బోధన మీదే నడుస్తున్న విశ్వవిద్యాలయం అది. లండన్‌లో యూసీఎల్ 2014లో ఇంజనీరింగ్ విభాగాలన్నింటికీ కలిపి ఉమ్మడి కార్యక్రమం పెట్టింది. మార్పు జరిగి ఏళ్లు గడిచిన చోట ఏం నిలిచిందో చూడాలనుకుంటే ఇవి మంచి చోట్లు.

ఆఫర్ వచ్చాక నాలుగు సంగతులు అడిగి తీరాలి. గ్రాంటు ఎన్నో ఏడాదిలో ఉంది? ఇప్పటిదాకా సేకరించిన డేటా మీద మొదటి రచయితగా రాసే హక్కు మీకుంటుందా? పోస్ట్‌డాక్‌కు జీతమిచ్చే ఎన్‌ఎస్‌ఎఫ్ ప్రతిపాదనల్లో మెంటరింగ్ ప్రణాళిక జతచేయాలి, దాని ప్రతి మీకు చూపిస్తారా? నాలుగోది ఈమధ్య మరీ అవసరమైంది: డబ్బు ఖాయంగా ఉందా? 2025లో ఎన్‌ఎస్‌ఎఫ్ వందల గ్రాంట్లను మధ్యలోనే రద్దు చేసింది, వాటిలో విద్యా పరిశోధనవి చాలా ఉన్నాయి. కాబట్టి గ్రాంటు ఆగిపోతే జీతం ఎవరిస్తారో రాతపూర్వకంగా అడగడంలో మొహమాటం వద్దు. వీసా మీద ఉండేవాళ్లకు ఇది బతుకు ప్రశ్న.

వీసా గురించి క్లుప్తంగా. జే-1 వీసా రీసెర్చ్ స్కాలర్ వర్గంలో ఐదేళ్ల దాకా ఉండవచ్చు. జే-1 ముగిశాక రెండేళ్లు స్వదేశంలో గడపాలన్న షరతుకు ఒక కారణమైన నైపుణ్యాల జాబితా నుంచి 2024 డిసెంబరులో భారత్‌ను తీసేశారు. ప్రభుత్వ నిధులతో వెళ్తే మాత్రం ఆ షరతు ఇంకా వర్తించవచ్చు. విశ్వవిద్యాలయ అంతర్జాతీయ కార్యాలయంతో మాట్లాడి ఖాయం చేసుకోండి.

నాలుగో అడుగు: మొదటి మూడు నెలలు చూడడానికే

చేరిన వెంటనే ఇంటర్వ్యూలు మొదలుపెట్టమని ఒత్తిడి ఉంటుంది. వీలైనంత ఆపండి. ముందు కాగితాలు చదవండి. గత పదేళ్ల టెన్యూర్ (ప్రొఫెసర్లకిచ్చే శాశ్వత ఉద్యోగ హోదా), ప్రమోషన్ మార్గదర్శకాలు వరసగా పెట్టుకుని ఏ మాట ఎప్పుడు చేరింది, ఏది పోయింది అని గీతలు పెట్టండి. ఏబెట్ అక్రెడిటేషన్ కోసం డిపార్ట్‌మెంట్ రాసుకున్న సెల్ఫ్ స్టడీ రిపోర్టులు దొరుకుతాయి. సాధారణంగా ఆరేళ్లకోసారి రాస్తారు కాబట్టి రెండు దొరికినా ఒక తరం మార్పు కనబడుతుంది. ఫ్యాకల్టీ మీటింగ్ మినిట్స్, కోర్సు మార్పు ఫారాలు, బోధన భారాన్ని లెక్కకట్టే సూత్రం కూడా సంపాదించండి. ఈ చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. నా లెక్కలో డిపార్ట్‌మెంట్ మనసు ఎక్కువగా బయటపడేది అందులోనే.

తర్వాత మీటింగుల్లో కూర్చోండి. మన కాలేజీల నుంచి వెళ్లినవాళ్లకు ఇక్కడ ఒక చిక్కుంది. హోదా తేడాను పలకరింపులోనే పసిగట్టడం మనకు అలవాటు. హెచ్‌ఓడీ వస్తే లేచి నిలబడడం, సార్ అనడం, ఎవరు ముందు కూర్చున్నారో చూడడం మనకు తెలుసు. అమెరికన్ డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటారు. అది చూసి ఇక్కడ హోదాలు లేవనుకుంటే పరిశోధన పక్కదారి పడుతుంది. ఓటు ఎవరికుందో చూడండి. టెన్యూర్ ఉన్నవాళ్లు, టెన్యూర్ దారిలో ఉన్నవాళ్లు, బోధనకే నియమించిన ఫ్యాకల్టీ, వీళ్లలో ప్రమోషన్ విషయాల మీద ఓటు వేయగలిగేది ఎవరు? కొత్త పద్ధతిలో పాఠం చెప్పే భారం ఎవరి మీద పడింది? చాలాచోట్ల ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఒకే మనుషులు కారు. మార్పు ఎక్కడ ఆగిపోతుందో వెతకడానికి అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

అసిస్టెంట్ ప్రొఫెసర్లకు టెన్యూర్ నిర్ణయం మామూలుగా ఆరో ఏట వస్తుంది. నాలుగో ఏడాదిలో ఉన్నవారు కొత్త ప్రయోగానికి వెనకాడితే అది మార్పు మీద వ్యతిరేకత అని రాసుకోకండి. కొత్త కోర్సు మొదటిసారి చెప్పినప్పుడు విద్యార్థుల రేటింగులు పడిపోయే ప్రమాదముంది, ఆ రేటింగులు ఆయన ఫైల్లోకి వెళ్తాయి. అలాంటి భయం ఆ మనిషిది కాదు, డిపార్ట్‌మెంట్ పెట్టిన లెక్కది.

ఐదో అడుగు: నైతిక అనుమతి, గోప్యత

మనుషుల మీద చేసే పరిశోధనకు అనుమతిచ్చే విశ్వవిద్యాలయ కమిటీ ఐఆర్‌బీకి పెట్టే దరఖాస్తు చాలాసార్లు 'మినహాయింపు' వర్గంలో తేలికగా గట్టెక్కుతుంది. అక్కడితో సమస్య తీరిందనుకుంటే ప్రమాదం. మీ ప్రాజెక్టు నాయకుడు డిపార్ట్‌మెంట్ హెడ్. మీరు ఇంటర్వ్యూ చేసేది ఆయన కింద పనిచేసేవాళ్లను. ఎవరు మాట్లాడారు, ఎవరు నిరాకరించారు అన్నది కూడా ఆయనకు తెలియకూడదు. ముడి డేటా ఎవరెవరు తెరవగలరో ప్రోటోకాల్‌లో పేరుపేరునా రాయించండి, హెడ్ ఆ జాబితాలో ఉండకూడదు. ఈ మాట మొదటి నెలలోనే ఆయనతో నేరుగా మాట్లాడుకోవాలి. ఇంటర్వ్యూలు మొదలయ్యాక చెబితే అనుమానించినట్టుంటుంది.

రెండో చిక్కు డిపార్ట్‌మెంట్ చిన్నది కావడం. పాతికమంది ఫ్యాకల్టీలో ఒకే ఒక్క మహిళా ఫుల్ ప్రొఫెసర్ ఉంటే, పేరు మార్చి "సీనియర్ మహిళా ప్రొఫెసర్" అని రాసినా అందరికీ తెలిసిపోతుంది. ఇలాంటి చోట హోదానో, జెండర్‌నో, సబ్జెక్టునో వదిలేయాలి. ఒక్కోసారి ఇద్దరు ముగ్గురి అనుభవాలను కలిపి ఒకటిగా రాయాల్సి వస్తుంది, అప్పుడు అలా కలిపినట్టు పేపర్‌లో చెప్పి తీరాలి. చాలా బలమైన కొటేషన్‌ను వదులుకోవాల్సి వచ్చినా వదులుకోండి. ఆ మనిషి అదే కారిడార్‌లో ఇంకో ఇరవయ్యేళ్లు పనిచేయాలి.

ఆరో అడుగు: నిర్ణయాన్ని వెంబడించడం

ఏ నిర్ణయాన్ని ఎంచుకోవాలి? ఎవరికో ఒకరికి పని పెరిగి, ఇంకొకరికి అధికారం కాస్త తగ్గే నిర్ణయం అయితే మంచిది. కొలరాడో స్టేట్ ఎలక్ట్రికల్, కంప్యూటర్ ఇంజనీరింగ్ విభాగం చేసింది దీనికి చక్కటి ఉదాహరణ. ఎలక్ట్రానిక్స్, సిగ్నల్స్, ఎలక్ట్రోమాగ్నెటిక్స్ కోర్సులను వాళ్లు చిన్న మాడ్యూళ్లుగా విడగొట్టారు. ఒక దశలో నేర్చుకున్న వాటన్నింటినీ కలిపి వాడే పనులు మధ్యమధ్య పెట్టారు. అందుకు ముగ్గురు ప్రొఫెసర్లు ఒకరి పాఠం ఒకరు తెలుసుకుని, కలిసి కూర్చుని ప్రణాళిక వేయాలి. 'నా కోర్సు, నా క్లాసు' అన్న అలవాటు మీదే నేరుగా చేయి వేసే మార్పు ఇది. అందుకే విభాగం కోర్సులతో ఆగకుండా, ఫలానా విషయం అన్ని కోర్సుల్లోనూ సాగేలా చూసే కొత్త బాధ్యతలను కూడా సృష్టించింది.

ఇలాంటి నిర్ణయం దొరికాక ఒక లాగ్ పుస్తకం తెరవండి. ప్రతిపాదన మొదట ఏ మాటల్లో వచ్చింది? కమిటీ దాన్ని ఏ మాటల్లోకి మార్చింది? ముగ్గురు కలిసి చెప్పిన కోర్సు బోధన భారంలో ఒక్కొక్కరికి ఎంతగా లెక్కకొచ్చింది? ఏడాది చివరి మదింపు ఫారంలో దానికి గడి ఉందా? విద్యార్థుల అభిప్రాయ పత్రంలో ప్రశ్నలు ఇంకా ఒక్క లెక్చరర్‌ను ఊహించుకునే ఉన్నాయా? తేదీ వేసి రాస్తూ పోండి. ఆరు నెలలకు ఆ పుస్తకమే మీ దగ్గరున్న అన్నింటికన్నా విలువైన డేటా అవుతుంది.

ఇంటర్వ్యూల్లో "మీ డిపార్ట్‌మెంట్ సంస్కృతి ఎలా ఉంటుంది?" అని అడిగితే వెబ్‌సైట్‌లో ఉన్న మాటలే వస్తాయి. ఎప్పుడో జరిగిన ఒక సంఘటన అడగండి. "కిందటి సెమిస్టర్‌లో మీరు పరీక్ష పేపరు మార్చాలనుకుని మానుకున్నది ఉందా? ఏం ఆపింది?" "ఈ మార్పు మీద మొదట ఎవరితో మాట్లాడారు? మీటింగ్‌లో చెప్పే ముందా, తర్వాతా?" జాన్ ఫ్లానగన్ 1954లో వివరించిన క్రిటికల్ ఇన్సిడెంట్ పద్ధతి మూలం ఇదే: అభిప్రాయం కన్నా జరిగిన సంఘటన నమ్మదగ్గది. మౌనం వస్తే నింపకండి. మన దగ్గర పెద్దవాళ్లు ఆగితే మాట అందించడం మర్యాద. ఇంటర్వ్యూలో ఆ మర్యాద డేటాను పోగొడుతుంది.

విద్యార్థులను చివరికి నెట్టకండి. డిపార్ట్‌మెంట్ నిజంగా దేనికి విలువిస్తుందో వాళ్లకు అందరికన్నా ముందు తెలుస్తుంది, ఎందుకంటే మార్కులు దేనికి పడతాయో వాళ్లు రోజూ చూస్తుంటారు. టీమ్ వర్క్ ముఖ్యమని చెప్పి, ప్రాజెక్టుకు 10 శాతం, ఒంటరిగా రాసే పరీక్షలకు 80 శాతం పెడితే వాళ్లు ఏది నమ్ముతారో వేరే చెప్పనక్కర్లేదు. అదే కోర్సు చెప్పిన ప్రొఫెసర్ ఇంటర్వ్యూ, విద్యార్థి ఇంటర్వ్యూ, సిలబస్‌లోని మార్కుల పట్టిక, మూడూ పక్కపక్కన పెట్టి చదవండి.

సర్వేలు పెట్టమని జట్టులో ఎవరో ఒకరు అడుగుతారు. పాతికమంది ఫ్యాకల్టీ ఉన్న చోట ముందు సర్వే, తర్వాత సర్వే పెట్టి సగటు పెరిగిందని చెప్పడంలో పస లేదు. విద్యార్థులు వందల్లో ఉంటే సర్వేకు అర్థముంది.

ఏడో అడుగు: విశ్లేషణ

ఎన్‌వివో, మ్యాక్స్‌క్యూడీఏ, డెడూస్, ఏ సాఫ్ట్‌వేర్ వాడినా ఒకటే. గంట రికార్డింగును చేత్తో రాస్తే నాలుగైదు గంటలు పట్టడం మామూలే. ఆటోమేటిక్ ట్రాన్స్‌క్రిప్షన్ వాడితే ఆడియో వింటూ తప్పక సరిచూడండి, వేరే దేశాల యాస ఉన్నవాళ్ల మాటల్లో తప్పులు ఎక్కువగా దొర్లుతాయి. కోడింగ్ నాణ్యత మీద రివ్యూయర్లు అడిగే ప్రశ్నలకు సిద్ధపడాలంటే యోఆఖిమ్ వాల్థర్ బృందం 2013లో ప్రతిపాదించిన నాణ్యత చట్రం చదవండి. డేటాను పుట్టించే దశలోనూ, దాన్ని అర్థం చేసుకునే దశలోనూ నాణ్యతను వేరువేరుగా చూడమంటుంది. ఇంజనీర్లకు సులభంగా ఎక్కే ఆలోచన అది. ఇక మీ చదువు, మీరు వచ్చిన చోటు మీ చూపును ఎలా మలిచాయో పేపర్‌లో ఒక పేరా రాయండి. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో చదివివచ్చిన మనిషికి అమెరికన్ ప్రొఫెసర్ ఆఫీసు తలుపు తెరిచి ఉండడం కూడా గమనించదగ్గ విషయమే, అక్కడివాళ్లకు అది కనబడదు.

ఎనిమిదో అడుగు: డిపార్ట్‌మెంట్‌కు తిరిగి ఇవ్వడం

పేపర్ అచ్చయ్యేసరికి ఏడాదిన్నర పడుతుంది. డిపార్ట్‌మెంట్ నిర్ణయాలు అంతదాకా ఆగవు. సెమిస్టర్ మొదలవడానికి ముందు జరిగే ఫ్యాకల్టీ రిట్రీట్, కరికులమ్ కమిటీ తొలి సమావేశం, ఈ రెండు తేదీలు తెలుసుకుని వాటికి రెండు వారాల ముందు రెండే పేజీలు ఇవ్వండి. అందులో మనుషుల మీద తీర్పు వద్దు, సూత్రాల మీద, ఫారాల మీద, లెక్కల మీద రాయండి. "కలిసి చెప్పిన కోర్సును లోడ్ లెక్కలో సగంగా చూపుతున్నారు, తయారీకి మాత్రం పూర్తి సమయం పడుతోందని మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది చెప్పారు" అన్న వాక్యం మీద హెడ్ వెంటనే ఏదో ఒకటి చేయగలడు. "ఇక్కడ సహకార సంస్కృతి బలహీనంగా ఉంది" అన్న వాక్యం మీద ఎవరూ ఏమీ చేయలేరు.

జట్టుల మధ్య పోలిక కావాలంటే రోజ్-హల్మన్ ఇంజనీరింగ్ కాలేజీ, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం కలిసి రెడ్ జట్లన్నింటితో నడిపిన భాగస్వామ్య పరిశోధన చూడండి. మార్పు తెచ్చేవాళ్ల కోసం వాళ్లు తయారుచేసిన చిన్న చిన్న సూచన పత్రాలు మీ రెండు పేజీలకు మంచి నమూనా.

మన దగ్గర చేయాలంటే

ఇదే పద్ధతి తెలుగు రాష్ట్రాల్లోనూ నడుస్తుంది, కాని నిర్ణయాలు ఉండే చోటు వేరు. అనుబంధ కాలేజీలో సిలబస్ మార్చే అధికారం డిపార్ట్‌మెంట్‌కు లేదు, విశ్వవిద్యాలయం బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు ఉంది. అటానమస్ కాలేజీలో సొంత బోర్డు ఉంటుంది. ఈ రెండు రకాల కాలేజీలను పక్కపక్కన పెట్టడమే మంచి పరిశోధన రూపకల్పన. వెంబడించడానికి ఒక నిర్ణయం చేతిలోనే ఉంది: జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 నిబంధనల్లో ఇంటర్నల్స్‌కు 25, బయటి పరీక్షకు 75 మార్కులుండేవి, ఆర్22లో అవి 40, 60 అయ్యాయి. ఇంటర్నల్స్ బరువు పెరిగాక మిడ్ పేపర్లలో ప్రశ్నల తీరు మారిందా? మార్కుల మీద లెక్చరర్‌కు పెరిగిన అధికారం ఎలా వాడుకలోకి వచ్చింది? యాజమాన్యం నుంచి, తల్లిదండ్రుల నుంచి ఏ ఒత్తిడి వచ్చింది? ఇంత మంచి ప్రశ్నల కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. ప్రచురణకు ఇక్కడి జర్నల్ ఆఫ్ ఇంజనీరింగ్ ఎడ్యుకేషన్ ట్రాన్స్‌ఫర్మేషన్స్ ఉంది. ఐఐటీ బాంబేలో ఎడ్యుకేషనల్ టెక్నాలజీ పరిశోధన చాలా ఏళ్లుగా సాగుతోంది.

చివరి ఆరు నెలలు

ఏఎస్‌ఈఈ సదస్సు జూన్‌లో జరుగుతుంది, సారాంశాలు అంతకుముందు శరదృతువులోనే పంపాలి. చేరిన ఏడాది సారాంశం పంపకపోతే రెండేళ్ల కాంట్రాక్టులో ఒకే సదస్సు దక్కుతుంది. జర్నల్‌కు రెండు పేపర్లు లక్ష్యంగా పెట్టుకోండి: నిర్ణయం కథ ఒకటి, పద్ధతి గురించి ఒకటి. అధ్యాపక పోస్టుల ప్రకటనలు కూడా అదే శరదృతువులో వస్తాయి కాబట్టి మీ రెండో ఏడాది ఆగస్టుకల్లా మొదటి పేపర్ రివ్యూలో ఉండాలి.

వెళ్లే ముందు డేటా అప్పగింత సొంతంగా చూసుకోండి. ఆడియో ఫైళ్లు ఎప్పుడు చెరిపేయాలో ప్రోటోకాల్‌లో ఏం రాశారో చూసి అలాగే చేయండి. పేర్లకూ మారుపేర్లకూ ఉన్న పట్టికను మీ లాప్‌టాప్‌లో పెట్టుకుని వెళ్లకండి, హెడ్ చేతికీ ఇవ్వకండి, జట్టులోని సామాజిక శాస్త్రవేత్త దగ్గర ఉంచి ఐఆర్‌బీలో సవరణ వేయించండి. నిర్ణయాల లాగ్ పుస్తకం నుంచి మనుషుల ఆనవాళ్లు తీసేసిన ప్రతి ఒకటి తయారుచేసి, మీ తర్వాత వచ్చే పోస్ట్‌డాక్ కోసం ప్రాజెక్టు ఫోల్డర్‌లో పెట్టండి. గ్రాంటుకు ఇంకా రెండేళ్లు మిగిలే ఉంటాయి, మీరు వెంబడించిన నిర్ణయం అప్పటికి మూడో బ్యాచ్ క్లాసులో ఉంటుంది.